లాభం, రెండు, మూడు

"లాభం..." అంటూ పిన్ని మొదటి గ్లాసు బియ్యం గిన్నెలో పోసింది. వెనక మంచం మీద నుంచి బాబాయ్ గొంతు. "రెండు... మూడు... నాలుగు..."

పదిదాకా ఆగకుండా చెప్పాడు!

పక్షవాతం వచ్చి నెలన్నర. మంచినీళ్లు కావాలన్నా "అది... అది..." తప్ప మాట రావట్లేదు. గుంటూరు మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెట్టిన మనిషి. ఆశగా రెండు వేళ్లు చూపించి "ఇవెన్ని బాబాయ్?" అన్నాను. నోరు తెరిచాడు, రాలేదు. కళ్లలో మాత్రం జవాబు ఉంది.

1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టరు చూసిన రోగి కూడా అంతే. ఏమడిగినా "టాన్" అనేవాడు, ఎదుటివాళ్ల మాట మాత్రం అర్థమయ్యేది. చనిపోయాక చూస్తే మెదడులో ఎడమవైపు ముందుభాగం దెబ్బతిని ఉంది. అక్కడ దెబ్బ తగిలినా నోటికి పట్టేసిన వరసలు, అంకెలు, వారాల పేర్లు, పాటలు చాలామందిలో మిగులుతాయి.

మాట పోతే ఆలోచనా పోయిందనుకుని, బాబాయ్ ముందే ఆయన గురించి మాట్లాడే చుట్టాలను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆయన అన్నీ వింటున్నాడు.

సాయంత్రం పిన్ని మళ్లీ గ్లాసు తీసింది. "లాభం" అని, బాబాయ్ వైపు చూస్తూ ఆగింది.