నాలుగడుగులు, పన్నెండు ఫ్రేములు

"మన బ్యాచ్ నుంచి ఎవరో ఒకరు రాయాలి, రెండు పేజీలు చాలు, ఒక ఫొటో" అని డిసెంబర్ కలయిక సంచిక కమిటీ వాళ్ళు గ్రూపులో పెట్టగానే నెల్లూరు (మన బ్యాచ్‌లో అందరికీ ఊళ్ళే పేర్లు) నా పేరు ఇచ్చేసి పక్కకి తప్పుకున్నాడు. సరే, రాస్తాను. కానీ మనకి యానిమేషన్ నేర్పిన బంతి గురించే రాస్తాను. మైత్రీవనం వెనక టీ కొట్టు, జనరేటర్ సంగతి, ఫ్రెషర్స్ డే నాడు మూడో అంతస్తులో జరిగింది, ఇవన్నీ కరీంనగర్ నాకన్నా బాగా చెప్తాడు, అతనికే వదిలేస్తున్నా.

2004లో అమీర్‌పేటలో యానిమేషన్ నేర్చుకోడానికి ఆ మెట్లెక్కిన మనందరికీ కావాల్సింది మాయా, అంటే కంప్యూటర్‌లో 3డి బొమ్మల్ని కదిలించే సాఫ్ట్‌వేర్. చేతిలో మౌస్ పట్టుకుని రాక్షసుల్నీ రోబోల్నీ కదిలించేద్దామని వచ్చాం. వస్తే ల్యాబ్ తాళం తీయలేదు. కింద దీపం ఉండే లైట్ బాక్సు, కాగితాలు కదలకుండా పట్టే పెగ్ బారు, పంచ్ చేసిన కాగితాల కట్ట, పెన్సిలు ఇచ్చి కూర్చోబెట్టారు. "ఫీజు కట్టింది కంప్యూటర్ నేర్చుకోడానిక్కదా" అని మా నాన్న తెనాలి నుంచి ఫోన్‌లో అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. అప్పుడు వచ్చారు బంతి సార్. అసలు పేరు రాయొద్దని సారే చెప్పారు, రాసినా ఆ పేరుతో మనలో ఎవరికీ గుర్తురారు కూడా.

సార్ తెచ్చే ఆ గుడ్డసంచి గుర్తుందిగా. టెన్నిస్ బంతి, కార్క్ బంతి, టేబుల్ టెన్నిస్ బంతి, గోలీలు, గాలి సగం పోయిన ఫుట్‌బాల్, అప్పుడప్పుడూ నీళ్ళు నింపిన బుడగ. మొదటి రోజు టెన్నిస్ బంతి తీసి ఛాతీ ఎత్తున పట్టుకుని "అందరూ కళ్ళు మూసుకోండి" అన్నారు. మనం చూడ్డానికి వచ్చినవాళ్ళం కదా, కళ్ళు మూసుకోమంటారేంటి అని గుసగుసలు. షాబాద్ బండల మీద బంతి పడింది. టక్. కాస్త ఆగి టక్. ఇంకొంచెం తక్కువ ఆగి టక్. చివరికి టకటకటకమని ఒకదాని మీద ఒకటి పడి ఆగిపోయింది. "మళ్ళీ వినండి" అని మళ్ళీ వదిలారు. ఆ పూటంతా అదే. సాయంత్రానికి క్లాసంతా బంతి లేకుండానే చప్పట్లతో ఆ దెబ్బలు వేసే స్థితికి వచ్చాం. గుంటూరు ఒక్కడే ప్రతిసారీ ముందు కొట్టేవాడు, తబలా నేర్చుకున్నవాడైనా.

తర్వాత బోర్డు మీద నాలుగు అంకెలు వేశారు: 12, 18, 14, 10. నాలుగడుగుల ఎత్తు నుంచి బంతి నేలకి చేరడానికి అర సెకను, అంటే సెకనుకి 24 ఫ్రేముల (ఫ్రేమంటే ఒక్కో బొమ్మ) లెక్కన పన్నెండు. మొదటి దెబ్బకీ రెండో దెబ్బకీ మధ్య పద్ధెనిమిది. ఆ తర్వాత ప్రతి విరామం ముందు దాన్లో ముప్పాతిక వంతు. ఇది సార్ గాల్లోంచి తెచ్చిన లెక్క కాదు. టెన్నిస్ నియమాల ప్రకారం 254 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలిన మామూలు బంతి 135 నుంచి 147 సెంటీమీటర్ల దాకా లేవాలి, అంటే సగం కంటే కాస్త ఎక్కువ. ఎత్తు సగానికి కాస్త పైన ఉంటే సమయం ముప్పాతిక అవుతుంది, ఎందుకంటే ఎత్తు సమయానికి వర్గంలో నడుస్తుంది. ఇంటర్లో ఈ సూత్రాలన్నీ బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నవాళ్ళమే మనమంతా, కానీ అవి బంతి లోపల ఉన్నాయని ఆ రోజు దాకా నాకు ఎవరూ చెప్పలేదు.

"అడుగుకి ఆరు, నాలుగుకి పన్నెండు, పదహారుకి ఇరవైనాలుగు, అరవైనాలుగుకి నలభై ఎనిమిది." ఎన్ని అడుగుల నుంచి పడితే ఎన్ని ఫ్రేములో ఇలా ఎక్కంలా చెప్పించేవారు. బస్సులో, క్యాంటీన్లో, ఆఖరికి కడప పెళ్ళిలో దండలు మార్చుకునేటప్పుడు కూడా వెనక నుంచి ఎవరో ఇదే ఎత్తుకున్నారు, ఎవరో నాకు తెలుసు.

ఇక బేసి సంఖ్యలు. బంతి పడేటప్పుడు మొదటి ఫ్రేములో ఒక వంతు జారితే రెండో దాంట్లో మూడు వంతులు, తర్వాత అయిదు, ఏడు, తొమ్మిది, పదకొండు. గెలీలియో కనిపెట్టిన వరస ఇది, నాలుగు వందల ఏళ్ళ నాటిది. కాగితం మీద ఆ దూరాలు గుర్తు పెట్టుకుని గీస్తే చాలు, బంతికి బరువొస్తుంది. కాగితాలు వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూసినప్పుడు నా బంతి మొదటిసారి నిజంగా పడింది. ఆ క్షణం నా ఒళ్ళు జలదరించింది. పెన్సిలు గీతకి బరువుంటుందని ఎవరు నమ్ముతారు? నేను నమ్మాను, ఇప్పటికీ ఆ నమ్మకంతోనే బతుకుతున్నాను.

అణగడం, సాగడం గురించి మనకీ సార్‌కీ జరిగిన వాదన కూడా చెప్పాలి. పాత కార్టూన్లు చూసి మనం ప్రతి బంతినీ నేల తగలగానే అప్పడంలా పరిచేసేవాళ్ళం. సార్ ఒప్పుకునేవారు కాదు. నిజం టెన్నిస్ బంతి నేలని తాకి ఉండేది దాదాపు అయిదు మిల్లీసెకన్లు, మన ఒక్కో ఫ్రేము నలభై మిల్లీసెకన్ల పైమాటే. అంటే ఆ అణిగిన రూపం మామూలు కంటికి దొరకనే దొరకదు. "దొరకనిదాన్ని చూపిస్తున్నాం, కాబట్టి ఒక్క ఫ్రేము, అదీ మర్యాదగా" అనేవారు. అణిగినా సాగినా లోపలి పదార్థం పెరగకూడదు, తరగకూడదు. ఎత్తు పది వంతుల్లో ఎనిమిదికి తగ్గితే వెడల్పూ మందమూ పది నుంచి పదకొండు వంతుల పైచిలుకుకి పెరగాలి. గోలీకీ కార్క్ బంతికీ అణగడమే లేదు, వాటి గట్టిదనమంతా టైమింగులోనే చూపించాలి. ఒకే ఆకారం, ఒకే రంగు ఉన్న గుండ్రం బొమ్మల్ని నాలుగు రకాలుగా ఎగరేసి ఏది గోలీ, ఏది బుడగ అని పక్క సెక్షన్ వాళ్ళని అడిగే పరీక్ష అందుకే పెట్టారు. వాళ్ళు చెప్పగలిగితేనే మార్కులు. అంత న్యాయమైన పరీక్ష నేను మళ్ళీ ఎక్కడా రాయలేదు.

ల్యాబ్ తాళం తీశాక కూడా మొదటి పని బంతే. ఇక్కడ అసలు చిక్కు వచ్చింది. పైన ఒక కీ (ఏ ఫ్రేములో బంతి ఎక్కడుండాలో చెప్పే గుర్తు), కింద ఒక కీ, మళ్ళీ పైన ఒక కీ వేస్తే మాయా దానంతటదే మధ్యలో నున్నటి గీత వేస్తుంది. నున్నగా ఉంటే మంచిదే కదా అనుకుంటాం. కానీ ఆ గీత నేల దగ్గర కూడా గుండ్రంగా తిరుగుతుంది, బంతి నేలని చేరేముందు నెమ్మదిస్తుంది. నిజానికి బంతి అన్నిటికంటే వేగంగా ఉండేది అక్కడే. అందుకే క్లాసులో ఎవరి స్క్రీన్ చూసినా బంతులు నీళ్ళలో ఉన్నట్టు తేలుతున్నాయి. సార్ ఒక్కొక్కరి వెనకా నిలబడి ఆ గీతని దిద్దే గ్రాఫ్ ఎడిటర్ తెరిపించి, కింది కీ దగ్గర గీత వంపుని పట్టి ఉంచే టాంజెంట్ విరగ్గొట్టించారు. పైన గుండ్రం, కింద మొన. ముందుకి వెళ్ళే గీత మాత్రం ఇంచుమించు తిన్నగా. ప్లేబ్లాస్ట్, అంటే త్వరగా చూసుకునే నమూనా వీడియో, తీస్తే టక్ మని పడింది. స్పీకర్లు లేవు, అయినా ఆ చప్పుడు క్లాసంతా విన్నాం అని నేను ఒట్టేసి చెప్తాను.

1987లో పిక్సార్ యానిమేటర్ జాన్ లాసెటర్ సిగ్గ్రాఫ్ అనే కంప్యూటర్ గ్రాఫిక్స్ సదస్సులో ఒక పరిశోధన పత్రం చదివాడు, చేత్తో గీసే యానిమేషన్ సూత్రాలే కంప్యూటర్‌కీ వర్తిస్తాయని. దాని జిరాక్స్ కాపీ సార్ మనకి పంచింది అప్పుడే. నా కాపీ ఇంకా ఉంది, మూలన ఖమ్మం వేసిన బొమ్మతో సహా.

రెండో ఏడాది, ప్రాజెక్టులు, ప్లేస్‌మెంట్లు, వాటి గురించి ఏం రాయను. అందరం ఎటో ఒకవైపు వెళ్ళాం. 2008లో ఛోటా భీమ్ టీవీలోకి వచ్చాక మా అమ్మకి నా ఉద్యోగమేంటో పక్కింటివాళ్ళకి చెప్పడం తేలికైంది, నేను ఆ సీరియల్‌కి పని చేయకపోయినా.

ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఒక స్టూడియోలో యానిమేషన్ సూపర్‌వైజర్‌ని. నా కింద పెద్ద టీమే ఉంది. ఈమధ్య ఒక సినిమాకి కోటగోడ మీంచి బండరాయి దొర్లిపడే షాట్ చేశాం. గోడ అరవైనాలుగు అడుగులు. టీమ్‌లో ఒకబ్బాయి వేసిన మొదటి బ్లాకింగ్‌లో, అంటే చిత్తుప్రతిలో, బండ పద్ధెనిమిది ఫ్రేముల్లో కింద పడింది. బండ బొమ్మ బ్రహ్మాండంగా ఉంది, దుమ్మూ టెక్స్చరూ అన్నీ ఉన్నాయి, అయినా గోడ కురచగా, రాయి తేలిగ్గా కనిపిస్తోంది. ఎందుకో ఎవరికీ అంతుబట్టక సమీక్షలో అందరికీ టెన్షన్. పద్ధెనిమిది ఫ్రేములంటే తొమ్మిదడుగులే కదా! నలభై ఎనిమిది పెట్టించాను. కింద పడ్డాక ఎత్తుకి లేవకుండా, అంచు తగిలినప్పుడల్లా తిరిగే దిశా వేగమూ మారేట్టు కీలు వేయించాను. గోడ ఒక్కసారిగా అరవైనాలుగు అడుగులైంది. సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్‌తో వేసుకోవచ్చు కదా అంటారు, వేస్తాం కూడా. కానీ అది ఇచ్చింది సరైందో కాదో చెప్పడానికి ఒకరికి తెలిసుండాలి.

ఆ షాట్ సినిమాలో ఉంచారు, డైరెక్టర్ ఒక్క మార్పూ చెప్పలేదు. ఆ రాత్రే సార్‌కి లింకు పంపాను. పొద్దున్నే ఫోన్ చేశారు. "ఏమ్మా తెనాలి, నలభై ఎనిమిది వేశావు కదూ" అన్నారు. ఫ్రేములు లెక్కపెట్టుకుంటూ చూశారట, మూడుసార్లు. మా నాన్న కూడా థియేటర్లో ఆ సినిమా చూసి, పేర్లు అయ్యేదాకా కూర్చుని, లైట్లు వేశాక లేచారు.

డిసెంబర్ కలయికకి సార్ వస్తానన్నారు. కరీంనగర్, నీ దగ్గరున్న మన ఎక్స్‌పోజర్ షీట్లూ (ఫ్రేముల లెక్క రాసుకున్న కాగితాలు) పెన్సిల్ టెస్టులూ తీసుకురా, స్కాన్ చేసి అందరికీ పంపే బాధ్యత నాది. మా టీమ్ పిల్లలు కొందరు సార్‌ని చూస్తామని అడుగుతున్నారు, వాళ్ళని కూడా వెంటబెట్టుకొస్తున్నాను, కమిటీ వాళ్ళు భోజనాల లెక్కలో వాళ్ళని కూడా కలుపుకోండి.