ఫాదర్, మదర్, స్టాంపర్

2002లో ఇండియానాలో సీడీలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో నాకు నైట్ షిఫ్ట్ ఉద్యోగం దొరికింది. అమెరికాలో మొదటి సీడీ ఫ్యాక్టరీ 1984లో ఈ రాష్ట్రంలోనే, టెర్ర హోట్‌లో మొదలైంది. చేరిన రోజు సూపర్‌వైజర్ "ఫాదర్‌ని చేత్తో ముట్టుకోకు" అంటే ఎవరి నాన్నో అనుకున్నాను.

పాటను ముందు గాజు పలక మీద లేజర్‌తో రాస్తారు. దాని మీద నికెల్ పేరనిచ్చి ఊడదీస్తే వచ్చే అచ్చు ఫాదర్. ఫాదర్ నుంచి మదర్, మదర్ నుంచి స్టాంపర్. వావివరసలు మా ఇంట్లోకంటే పద్ధతిగా ఉంటాయి. స్టాంపర్‌ని మిషన్లో బిగించి, 300 డిగ్రీలు దాటిన వేడిలో కరిగిన పాలీకార్బొనేట్ ప్లాస్టిక్‌ని లోపలికి కొడితే నాలుగైదు సెకన్లకొక బిళ్ల. పాటంతా అప్పటికే దాని ఒంట్లో సన్నటి గుంటలుగా ఉంటుంది. పైన అల్యూమినియం పూత, దాని మీద లాకర్ అనే రక్షణ పూత, ఆపైన బొమ్మ. మచ్చలున్నవి ఏరి పక్కన పడేయడం నా పని.

ఇంట్లో నేను చేసేది వేరు. వారాంతం భోజనాలకు కలిసినప్పుడు తెలుగువాళ్లం కాపీ సీడీలు పంచుకునేవాళ్లం. సెలవులకు వెళ్లినప్పుడు నాన్న దగ్గరున్న పౌరాణిక పద్యాల క్యాసెట్ తెచ్చి, కంప్యూటర్లోకి ఎక్కించి, ఒక సీడీ రాసుకుని, క్యాసెట్ ఎవరో తెనాలి వెళ్తుంటే తిరిగి పంపేశాను. జాగా చాలక కంప్యూటర్లోది తుడిచేశాను. సీడీ మాత్రం వేసవంతా కారు అద్దం కింద ఎండలో పడి ఉంది. ఆగస్టుకల్లా మూగబోయింది.

లైన్లో నా పక్కన పనిచేసే పెద్దాయన దాన్ని దీపానికి ఎత్తి చూసి నవ్వాడు. ఇంట్లో రాసే సీడీలో గుంటలుండవట. ఒక రసాయన రంగు పొర ఉంటుంది, లేజర్ దానికి వాతలు పెడుతుంది. ఎండకీ వేడికీ ఆ రంగు పాడైతే పాటా పోతుంది. మేం అచ్చు వేసేది పచ్చబొట్టయితే, నేను చేసుకున్నది గోరింటాకు.

"మరి దీని ఫాదర్ ఎక్కడ?" అన్నాడు.

రాత్రి రెండు. తెనాలిలో మధ్యాహ్నం. బ్రేక్‌లో ఫోన్ కార్డు గీకి నంబరు నొక్కాను.

"ఆ క్యాసెట్టా? దాని మీద మీ చెల్లెలు సినిమా పాటలు ఎక్కించిందిరా" అన్నారు నాన్న.