కిడ్నీ మార్చుకున్నాక కంటికి అక్కి: నా అనుభవం

ముందు ఎడమ కనుబొమ్మ పైన మంట మొదలైంది. దువ్వెన తగిలినా ఓర్చుకోలేనంత. తెల్లారేసరికి నుదుటి మీద నీటి పొక్కులు, అవీ ఎడమ సగానికే. అమ్మ చూడగానే "అక్కి లేసింది బిడ్డా, కుమ్మరాయనతోని జాజు రాయిపిద్దాం పా" అంది.

అక్కి అని పోల్చుకోవడంలో అమ్మ మాట నిజమే. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పటి వైరస్ నరాల్లో దాక్కుని, ఒంట్లో రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు మళ్లీ లేస్తుంది. కొత్త కిడ్నీ నిలవాలని నేను రోజూ వేసుకునే టాక్రోలిమస్, మైకోఫెనొలేట్, స్టెరాయిడ్ చేసే పనే ఆ శక్తిని తగ్గించడం. పొక్కులు ఏవి వచ్చినా ఆగొద్దని ముందే చెప్పి ఉన్నారు. పరకాలలో హనుమకొండ బస్సెక్కాను.

కళ్ల డాక్టరమ్మ ముందు నా ముక్కు కొస చూశారు. అక్కడా ఒక పొక్కు ఉంది. ముక్కు కొసకూ కంటికీ పోయే నరం ఒకటే కాబట్టి కంటికీ సోకి ఉండొచ్చన్నారు. పసుపు రంగు చుక్కలు వేసి నీలి వెలుగులో చూస్తే నల్లగుడ్డు పైపొర దెబ్బతింది. కంటి లోపల వెనక ఉండే పొర, రెటీనా, బాగానే ఉంది. నాలాంటివాళ్లలో వైరస్ అక్కడికి పాకితే చూపు రోజుల్లోనే పోవచ్చట.

అసలు టెన్షన్ మందు దగ్గర. మామూలు మనిషికైతే వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాముల మాత్ర, రోజుకు ఐదుసార్లు, కనీసం వారం. పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే మేలు. నాకు మాత్ర కాదు, సూదితో రక్తనాళంలోకే ఎక్కించాలన్నారు. అదే మందు కిడ్నీలో స్ఫటికాలుగా పేరుకుని దాన్ని దెబ్బతీయగలదు. అందుకే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రిపోర్టు చూశాకే డోసు రాశారు, అదీ హైదరాబాద్‌లోని కిడ్నీ డాక్టరుతో నా ముందే ఫోన్లో మాట్లాడి. ఆయన మైకోఫెనొలేట్ తగ్గించారు, టాక్రోలిమస్ అలాగే ఉంచారు, స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపొద్దన్నారు. ఆ ఫోనే లేకపోతే రెండు చీటీల మధ్య ఏది వేసుకోవాలో, ఏది మానాలో నాకేం తెలుస్తుంది?

ఆసుపత్రిలో సెలైన్‌తో పాటు, ఒక్కో డోసు గంటసేపు మెల్లగా ఎక్కించేవారు. పొక్కులు ఎండేదాకా చెల్లె తన చంటిదాన్ని నా దగ్గరికి తేలేదు. పొక్కుల నీరు తగిలితే పాపకు ఆటలమ్మ రావచ్చు. ఇంటికొచ్చాక ఒక మెడికల్ షాపాయన కన్ను ఎర్రగా ఉందని, చీటీ అడగకుండానే స్టెరాయిడ్ చుక్కలు చేతిలో పెట్టబోయాడు! వద్దని వచ్చేశాను.

చూపు నిలిచింది. కనుబొమ్మ దగ్గర సూదులు గుచ్చినట్టు నొప్పి మాత్రం ఇంకా ఉంది. దానికి రాసిన ప్రెగాబాలిన్ డోసు కూడా కిడ్నీని బట్టి తగ్గించిందే. అక్కి మళ్లీ రాకుండా రెండు డోసుల టీకా ఉందట, బతికున్న వైరస్ లేని రకమైతేనే మాకు పనికొస్తుంది. ధర విని గుండె గుభేలుమంది. కిడ్నీ డాక్టరు ఎప్పుడు వేయించుకోమంటారో, అప్పటికి డబ్బు సర్దుకోవాలి.