ట్యాంకు కవచం మీద నా సెమినార్

మెటలర్జీ ఎం.టెక్‌లో సెమినార్ టాపిక్ మనమే ఎంచుకోవాలి. చదివేది చెన్నైలో, ట్యాంకులు తయారయ్యే ఆవడి ఊరి చివరే. ఇంకో టాపిక్ ఎందుకనిపించింది. "పేలుడు పదార్థాల జోలికి పోకు, లోహానికి ఏమవుతుందో అదే చెప్పు" అని షరతు పెట్టి మా గైడ్ సంతకం చేశారు. నాకు కావలసిందీ అదే.

కవచాన్ని ఛేదించడానికి ఫిరంగి పేల్చే టంగ్‌స్టన్ కడ్డీ గురించి చెప్పడం తేలిక. సెకనుకు ఒకటిన్నర కిలోమీటరు పైచిలుకు వేగం, బరువు, సన్నటి మొన. అందులో పేలేది ఏమీ ఉండదు. చిక్కంతా కవచంలోకి దూరే రాగి ధారతోనే, అది పుట్టేదే పేలుడుతో.

వైవాకు వచ్చిన ఎక్స్‌టర్నల్ సార్‌ది నెల్లూరు. నా యాస పట్టేసి, మూడో స్లైడ్ దగ్గర తెలుగులోకి దిగారు.

"ఏమయ్యా, ఆ ధార ఉక్కును కరిగించి దూరుతుందంటావా?"

"లేదు సార్. పక్కలకు తోసేస్తుంది."

శంకువులాంటి రాగి రేకు పేలుడు ఒత్తిడికి నలిగి, సన్నటి ధారగా సాగుతుంది. దాని కొన వేగం సెకనుకు 8 కిలోమీటర్లు దాటుతుంది. ఆ ఒత్తిడిలో రెండు లోహాలూ కరగకుండానే ద్రవాల్లా ప్రవర్తిస్తాయి. ఎంత లోతు దిగుతుందన్నది ధార పొడవు, సాంద్రతల నిష్పత్తికి వర్గమూలం తేలుస్తాయి. సాంద్రత ఘన సెంటీమీటరుకు రాగి 8.96 గ్రాములు, ఉక్కు 7.85 అని బోర్డు మీద వేశాను.

"మరి ఉక్కును ఇంకా గట్టిపరిస్తే?"

"కొన దగ్గర పెద్దగా లాభం లేదు సార్. వెనక వచ్చే నెమ్మది భాగానికి కాస్త అడ్డుపడుతుంది. అందుకే సిరామిక్ పొరలు, ధార తగలగానే పేలి దాన్ని చెదరగొట్టే పలకలు వచ్చాయి."

ఆయనే చాక్‌పీస్ తీసుకుని వాలుగా ఒక గీత గీశారు. 100 మిల్లీమీటర్ల పలకను నిలువు నుంచి 60 డిగ్రీలు వాల్చితే ఎదురుగా వచ్చేదానికి ఎంత మందం? 200. నోటికే చెప్పాను. తల ఊపారు గానీ మొహంలో మార్పేమీ లేదు. పరీక్షకులంతా ఇంతేనేమో!

నాకు బాగా నచ్చింది హెష్ (HESH) గుండు, అంటే కవచానికి తగిలి చదునుగా అణిగాక పేలే గుండు. అర్జున్ ట్యాంకు 120 మిల్లీమీటర్ల ఫిరంగి దీన్నీ పేలుస్తుంది. గోడకు పిడక కొట్టినట్టు దాని మందు కవచానికి అతుక్కుని పేలుతుంది. కన్నం పడనక్కర్లేదు. లోపలికి వెళ్లిన ఆఘాత తరంగం (షాక్ వేవ్) వెనక ముఖం నుంచి తిరిగొస్తూ ఉక్కును లాగుతుంది, పెచ్చు ఊడి సిబ్బంది మీదికి దూసుకెళుతుంది. కన్నం పడిన చోటా ఇలాంటి ముక్కలతోనే ఎక్కువ నష్టం. అవి మందుగుండుకు తగిలాయా, ట్యాంకే పోతుంది.

"ఆ పెచ్చుల్ని ఆపేదేమిటో రిపోర్టులో లేదే?" అన్నారు. లోపలి గోడకు వేసే అరామిడ్ (కెవ్లార్ లాంటి గట్టి నార) తొడుగు గురించి ఒక పేజీ చేర్చాకే బైండింగ్‌కు ఇచ్చాను.