సెల్ఫ్, టక్‌మనే శబ్దం, ఒక రాగి పట్టీ

సెల్ఫ్ కొడితే టక్‌మని ఊరుకుంటున్న మా కారు స్టార్టయింది. చివరికి ఏమైందని అడుగుతున్నారు కాబట్టి ముందు ఆ ముక్క చెప్పేస్తున్నాను. అత్తయ్యని కొండ మీదికి తీసుకెళ్ళి అమ్మవారి దర్శనం చేయించడం కూడా అయింది. అయినా ఇంత రాత్రివేళ కూర్చుని టైప్ చేస్తున్నానంటే సర్వీస్ సెంటర్లో ఆ అబ్బాయి అన్న మాట వల్లే. "స్టార్టర్ అసెంబ్లీ మొత్తం మార్చేయాలి మేడమ్." అంటే సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజిన్‌ని తిప్పే మోటారు మొత్తం.

వోల్టులు కొలిచే మీటరు పెట్టలేదు. స్కానర్ తగిలించాడు, లోపం చూపించే కోడ్ ఏమీ రాలేదన్నాడు. తాళం తిప్పాడు, టక్‌మని ఒక్క శబ్దం విన్నాడు, బానెట్ దించేశాడు. వెంటనే ఎస్టిమేట్. ఆ కాగితమైనా నాకివ్వలేదు, ఈయన చేతిలో పెట్టాడు. కారు నడిపేది నేను. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బుద్ధిగా స్టార్టవుతుందనీ, బెంజి సర్కిల్ దాకా వెళ్ళి ఆపితే మాత్రం మళ్ళీ తీసుకోదనీ చెప్పింది నేను. హెడ్‌లైట్లు వేసి సెల్ఫ్ కొడితే కాంతి ఏమాత్రం తగ్గట్లేదని కూడా చెప్పాను. అది చిన్న సంగతి కాదు. బ్యాటరీ డౌన్ అయితే సెల్ఫ్ కొట్టగానే లైట్లు మసకబారిపోతాయి. లైట్లు వెలుగుతూనే ఉండి సెల్ఫ్ తిరగట్లేదంటే బ్యాటరీలో కరెంటు ఉంది, స్టార్టర్ దాకా పోవట్లేదనో, పోయినా అది తీసుకోవట్లేదనో అర్థం. ఆ అబ్బాయి తలూపాడు. జాబ్ కార్డులో ఒక్క ముక్క రాయలేదు.

ఈయన సంగతి మీకు తెలుసు. "పోనీ మార్పించేద్దాం, అసలే వానాకాలం, మీ అమ్మాకొడుకులు ఎక్కడో మధ్యలో ఆగిపోతే ఇబ్బంది" అన్నారు. ఆయన భయం నాకు అర్థమైంది. కానీ పాడైందో లేదో ఎవరూ చూడని వస్తువుకి వేలకి వేలు పోయడం నాకు ఇష్టం లేదు. నెట్టించుకుని కారు ఇంటికి తెచ్చేశాను.

సాయంత్రం చిన్నోణ్ణి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాను. గేరు న్యూట్రల్‌లో ఉందా, హ్యాండ్ బ్రేకు వేసి ఉందా అని నేనే చూసుకున్నాకే తాళం వాడి చేతికిచ్చాను. బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, అంటే నిండుగా ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు కూడా 12 కంటే కిందికి రాలేదు. అప్పుడు మీటరు నల్ల పుల్లని బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర పుల్లని ఇంజిన్ మీద రంగు లేని ఇనుము దగ్గర పెట్టి మళ్ళీ తిప్పమన్నాను. అక్కడ 0.2 కంటే ఎక్కువ చూపిస్తే అనుమానించాలి. 7 దాటింది. అంటే 12లో 7 వోల్టులు తిరుగుదారిలోనే, ఇంజిన్ నుంచి బ్యాటరీకి కరెంటు తిరిగొచ్చే దారిలోనే (దాన్నే ఎర్త్ అంటారు) తగలబడిపోతుంటే, స్టార్టర్‌కి మిగిలేది 5. ఆ 5తో సొలినాయిడ్, అంటే మోటారుకి కరెంటు కలిపే స్విచ్చు, టక్‌మనగలదు కానీ మోటారు ఇంజిన్‌ని తిప్పలేదు.

జంపర్ కేబుల్ ఒకటి తీసి ఒక కొస బ్యాటరీ నెగటివ్‌కీ, రెండో కొస ఇంజిన్ లేపే కొక్కేనికీ తగిలించాను. చిన్నోడు తాళం తిప్పీ తిప్పగానే స్టార్టయింది. వాడు సీట్లోనే ఎగిరి గంతేశాడు.

నాకు ఆ సంతోషం కంటే ముందు గుర్తొచ్చింది నాన్న అంబాసిడర్. బందరులో పెళ్ళి చూసుకుని వస్తున్నాం. ఉయ్యూరులో పిన్నివాళ్ళని దించి కంకిపాడులో టీకి ఆగాం, అంతే, మళ్ళీ సెల్ఫ్ తీసుకోలేదు. నాన్న ఊరుకోకుండా కొడుతూనే ఉన్నారు. కాసేపటికి కారంతా కాలిన రబ్బరు వాసన. అమ్మ నన్నూ తమ్ముణ్ణీ లాక్కుని రోడ్డవతలికి పరిగెత్తింది. మావయ్యలు పట్టుపంచెలు ఎగ్గట్టి నెట్టారు. ఎలాగో ఆటోనగర్ చేరాం. అక్కడ నాన్నకి నమ్మకమైన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉండేవారు, నాన్న ఆయన్ని సాయిబు గారూ అని పిలిచేవారు. రేకుల షెడ్డు, నేలంతా నల్లటి ఆయిలు, గోడకి వేలాడే పాత డైనమోలు. ఆయన చెయ్యి బ్యాటరీ వైపు పోలేదు. నేరుగా చోకు కేబుల్‌ని, అంటే బాడీ నుంచి ఇంజిన్‌కి వెళ్ళే సన్నటి ఇనుప తాడుని, వేళ్ళతో పట్టుకుని, చురుక్కుమందేమో వెంటనే వదిలేసి, "ఎర్త్ పోయింది బాబూ" అన్నారు. నాన్న నమ్మలేదు. అప్పుడాయన హోల్డర్‌కి రెండు వైర్లు కట్టిన బల్బు తీశారు. ఒక వైరు ఇంజిన్‌కి, ఇంకోటి బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, సెల్ఫ్ కొట్టమన్నారు. వెలగకూడని బల్బు ఎర్రగా వెలిగింది.

నేను పక్కనే నోరు తెరుచుకుని చూస్తున్నాను. నా వైపు తిరిగి "పాపా, కరెంటు బయటికి పోతే సరిపోదు, మళ్ళీ ఇంటికి రావాలి. పెద్ద తలుపు మూసుకుపోతే సందుల్లోంచి దూరి వస్తుంది" అన్నారు. స్టార్టర్ లాగేది వంద ఆంపియర్ల లెక్క. లావుపాటి పట్టీలోంచి రావాల్సిన ఆ కరెంటంతా సన్నటి చోకు కేబుల్ మీద పడితే కాలదా మరి? ఈ రోజుకీ నేను మీటరు పెట్టే ప్రతిసారీ చేస్తున్నది ఆయన బల్బు పనే. బల్బు ఎంత ఎర్రగా ఉందో ఆయన కళ్ళతో చూసేవారు, నాకు అంకె కనిపిస్తుంది, అంతే తేడా.

ఇక్కడిదాకా రాసి, ఆ రోజుల్లో మెకానిక్కులే మెకానిక్కులు అని ముగిద్దామనుకున్నాను. కానీ అది న్యాయం కాదు. తర్వాత నాన్న ఫ్యూయల్ ఇంజెక్షన్ కారు కొన్నాక అదే షెడ్డుకి తీసుకెళ్ళారు. సాయిబు గారు అలవాటు ప్రకారం సూది మొనతో వైర్ల తొడుగులు గుచ్చి చూశారు. ఆ వానాకాలం దాటాక ఇంజిన్ లైటు వెలగడం మొదలైంది. గుచ్చిన చోట నీరు దిగి, తొడుగు లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. సెన్సర్ వైర్లలో నడిచేది 5 వోల్టులు, ఆ కరెంటు ఎంతో కొంచెం. అలాంటి వైరుకి బల్బు తగిలిస్తే ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్‌కే ముప్పు. ఆయన చెయ్యి గొప్పదే, కానీ బండి మారిపోయింది.

అలా చూస్తే సర్వీస్ సెంటర్ అబ్బాయి ఊహ కూడా గాలిలోంచి రాలేదు. సొలినాయిడ్ లోపల రాగి కాంటాక్టులు అరిగినా అచ్చం ఇలాగే టక్‌మంటుంది, లైట్లు ఇలాగే వెలుగుతూ ఉంటాయి. ఎర్త్ పట్టీకి సెన్సర్ ఉండదు కాబట్టి స్కానర్‌లో కోడ్ రాదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వరసగా బళ్ళు, ఒక్కో బండికి ఇంత టైమని పైవాళ్ళు గీత గీసి పెడతారు. పార్టు మారిస్తే బిల్లవుతుంది, లోపం ఎక్కడుందో వెతికిన అరగంటకి ఏ కాలమ్‌లోనూ చోటు లేదు. ఆ కుర్రాడికి ఆ పరీక్ష నేర్పినవాళ్ళున్నారో లేదో. కోపం అతని మీద నుంచి జరిగిపోయింది కానీ తగ్గలేదు. కొత్త స్టార్టర్ వేసి, బిల్లు కట్టించుకుని, మళ్ళీ అదే టక్ శబ్దంతో ఎంతమంది వెనక్కి వచ్చి ఉంటారు? వాళ్ళకి తర్వాత బ్యాటరీ అంటారు, ఆ తర్వాత వైరింగ్ మొత్తం అంటారు. ఆటోలు, ట్యాక్సీలు నడుపుకునేవాళ్ళకి అది ఆ నెల సంపాదన.

ఇక మా కారు ఎర్త్ పట్టీ విప్పి చూశాను. గేర్‌బాక్సుకీ బాడీకీ మధ్య అల్లిన రాగి పట్టీ అది. పైకి బాగానే ఉంది, నట్టు కూడా బిగువుగానే ఉంది. కొసన బిగించే లగ్గు దగ్గర వంచేసరికి పోగులు పుటుక్కున తెగి, పచ్చటి పొడి అరచేతిలో రాలింది. మిగిలినవి ఏ నాలుగైదు పోగులో. అయినా మీటరుని బీప్ మోడ్‌లో, అంటే వైరు తెగకపోతే కూసేలా పెడితే చక్కగా కూస్తోంది! మీటరు పంపే కాస్త కరెంటుకి ఒక్క పోగున్నా చాలు. సెల్ఫ్ కొట్టి, కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే దాని బండారం బయటపడేది. వైర్లు చూసుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి మాత్రం గుర్తు పెట్టుకోండి, బీప్ వచ్చిందని వదిలేయకండి.

ఆటోనగర్లో కొత్త పట్టీ 300 లోపే దొరికింది. బిగించే చోట ఎమ్రీ పేపరుతో ఇనుము తెల్లగా వచ్చేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు రాశాను. ఇప్పుడు సెల్ఫ్ కొడితే అక్కడ 0.1 చూపిస్తోంది.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్తే ఒక్కటే అడిగారు. "క్లచ్ కేబుల్ పట్టుకుని చూశావా అమ్మాయ్?" ఈ కారుకి చోకు లేదు, యాక్సిలరేటర్‌కి కూడా ఇనుప తాడు కాదు, కరెంటు వైరే. ఇంజిన్ నుంచి బాడీకి ఇనుప తాడు ఉన్నది క్లచ్ ఒక్కదానికే. ఈ మధ్య క్లచ్ గట్టిగా ఉంటోందని, మోకాలు నొప్పి దాని వల్లేనని ఇంతకుముందు ఇక్కడే విసుక్కున్నాను, దానికీ తెగిన పట్టీకీ సంబంధం ఉండొచ్చని నాకు తట్టనే లేదు. పట్టీలోంచి రావాల్సిన కరెంటు మీద పడి, కేబుల్ వేడెక్కి లోపలి ప్లాస్టిక్ పూత కరిగితే తాడు పట్టేస్తుంది. రేపు పొద్దున్నే కేబుల్ విప్పుతాను. పూత కరిగి ఉంటే మార్చాల్సిందే, కరగకపోతే మోకాలి డాక్టరు దగ్గరికి అపాయింట్‌మెంట్ తీసుకోవాలి.