వంకర షాఫ్ట్ మోటారు

ఆదివారం కదా, ఆటోనగర్‌లో షాపు మూసే ఉంది. భోజనాలయ్యాక అమ్మాయి ఫోన్ పట్టుకొచ్చి, "నాన్నా, ఇది చూడు, నీ సబ్జెక్టే" అంది. తను ఇంటర్ బైపీసీ. నేను మోటార్లకు వైండింగ్ చేసేవాణ్ణి. చూస్తే నిజంగానే రోటర్, స్టేటర్, మధ్యలో షాఫ్ట్!

దాని పేరు ఏటీపీ సింథేజ్. కణం తన పనులకి వాడుకునే ఇంధనం ఏటీపీ; దాన్ని తయారుచేసే యంత్రం ఇది. మన కణాల్లో, మైటోకాండ్రియా లోపలి పొరలో ఉంటుంది. అడ్డం సుమారు 10 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్షో వంతు. తిన్న తిండిలోని శక్తితో కణం ఆ పొరకి ఒక పక్కన ప్రోటాన్లను పోగేస్తుంది. అవి ఈ మోటారులోంచి ఇవతలికి వస్తూ రోటర్‌ని తిప్పుతాయి. మనలో అయితే 8 ప్రోటాన్లకు ఒక చుట్టు, చుట్టుకి 3 ఏటీపీ అణువులు.

నన్ను పట్టేసింది మాత్రం షాఫ్టే. అది తిన్నగా ఉండదు. మా దగ్గర షాఫ్ట్ వంగిందంటే బేరింగులు పోతాయి, మోటారు అరుస్తుంది. ఇక్కడ పని చేసేదే ఆ వంకర. తిరుగుతూ చుట్టూ ఉన్న మూడు గదుల ఆకారాన్ని వంతులవారీగా మారుస్తుంది. ఒక గది ముడిసరుకు పట్టుకుంటుంది, ఇంకోటి దాన్ని కలిపి అతికిస్తుంది, మూడోది తయారైన ఏటీపీని వదులుతుంది. ఈ పద్ధతిని ఊహించిన పాల్ బోయర్‌కి, ఆకారం తేల్చిన జాన్ వాకర్‌కి 1997లో నోబెల్ ఇచ్చారు. అదే ఏడాది జపాన్‌లో ఈ యంత్రం ముక్కని గాజుకి అతికించి, షాఫ్ట్‌కి మెరిసే పోగు తగిలించి, ఏటీపీ అందించారు. పోగు గిరగిరా తిరగడం మైక్రోస్కోప్‌లో కనబడింది. అంటే జనరేటర్‌కి కరెంటిస్తే మోటారైనట్టే!

అన్నట్టు, 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి కండరాల్లోంచి ఏటీపీని వేరు చేసింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. మా అమ్మాయి పుస్తకంలో ఆయన పేరు లేదు. కోపం వచ్చింది.

"మరి ఆక్సిజన్ అందక ప్రోటాన్లు పోగవకపోతే ఈ మోటారు వెనక్కి తిరిగి, ఉన్న ఏటీపీ కూడా తినేస్తుందిగా?" అన్నాను. షాపు బుద్ధి! అమ్మాయి కాసేపు వెతికింది. అలాంటప్పుడు ఐఎఫ్1 అనే చిన్న ప్రోటీన్ వచ్చి గదుల మధ్య ఇరుక్కుని రివర్స్ తిరగనివ్వదట.

"ఆక్సిజన్ వచ్చాక దాన్ని ఎవరు తీస్తారు?" అన్నాను.

"నాన్నా, రేపు నాకు టెస్టుంది" అంది.