ఊళ్లో ఇంటి బయట లైట్లు: ఏం చూసుకుని కొన్నాం, ఎక్కడ పెట్టాం

మా ఇల్లు మదనపల్లె వైపు, ఊరికి కాస్త ఎడంగా, పొలంలోనే ఉంటుంది. చుట్టూ మామిడి చెట్లు, ఒక పక్క గొడ్ల పాక, ఇంటి వెనక బాత్రూమ్, ఇంకాస్త దూరంలో బోరు, మోటారు షెడ్డు, రోడ్డు మీంచి గేటు దాకా మట్టి బాట. అక్కడ అమ్మానాన్న ఇద్దరే ఉంటారు. నాన్న తెల్లవారుజామున 4 గంటలకు పాలు పితకడానికి పాక దాకా నడవాలి, అమ్మ రాత్రి లేస్తే బాత్రూమ్‌కి వెళ్లి రావాలి. ఈ రెండు నడకలూ భద్రంగా జరగాలి, నాకు అన్నిటికంటే ముఖ్యం అదే.

ఎవరిని అడిగినా ఒకే మాట చెప్పారు. డాబా మీద 100 వాట్ల ఫ్లడ్ లైట్లు రెండు బిగించెయ్, పట్టపగలు లాగా ఉంటుంది, దొంగ రాడు, పాము రాదు అని. మా పెద్దమామ అయితే "అల్లుడూ, లైటు కొనేటప్పుడు పీనాసితనం చేయొద్దప్పా, పెద్దది తీసుకో" అని ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆయన ప్రేమతోనే చెప్పాడు గానీ, ఈ సలహా తప్పని నేను గట్టిగా నమ్ముతున్నాను.

డాబా మీద నుంచి కొట్టే పెద్ద లైటు ముందు నేల కంటే మన కళ్లలోనే ఎక్కువ పడుతుంది. గేటు దగ్గర నిలబడి ఇంటివైపు చూస్తే తెల్లటి మంట తప్ప ఇంకేమీ కనిపించదు. కన్ను చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి దాదాపు అరగంట పడుతుంది, ఒక్కసారి ఫ్లడ్ లైటు వైపు చూస్తే ఆ అలవాటంతా పోతుంది, మళ్లీ మొదటి నుంచి రావాల్సిందే. పైగా లైటు ఎంత పెద్దదైతే గోడ వెనక, చెట్టు వెనక నీడ అంత చిక్కగా ఉంటుంది, దాక్కోవాలనుకున్నవాడికి అంతకంటే మంచి చోటు లేదు. నేల మీద సమంగా పడే చిన్న వెలుతురులో మనిషి కదిలితే తెలుస్తుంది, ఒక చోట మంట, పక్కనే కటిక చీకటి ఉంటే తెలియదు.

ఇక పాములు. పల్లెలో బయట లైటు అనగానే అందరూ పాము గురించే మాట్లాడతారు, మాట్లాడాలి కూడా. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని 2020లో వచ్చిన ఒక అధ్యయనం అంచనా వేసింది, అంటే ఏడాదికి సగటున 58,000 మంది. ఎక్కువ మంది పల్లెల్లోనే, సగం మంది జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఎక్కువ చావులు జరిగిన రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్నప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. అయితే లైటు వేస్తే పాము రాదనుకోవడం పొరపాటు. లైటుకి పురుగులు వస్తాయి, పురుగుల కోసం కప్పలూ బల్లులూ వస్తాయి, వాటి కోసం పాము వస్తుంది. గడప పైనే తెల్ల లైటు రాత్రంతా వెలిగే ఇళ్లలో వానాకాలం గుమ్మం ముందు ఎన్ని కప్పలు చేరతాయో చూసిన వాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. పాముని తరిమేది లైటు కాదు, లైటు ఉంటే దాన్ని తొక్కకముందే మనం చూస్తాం, అంతే. అందుకని వెలుతురు పాదాలు పడే చోట ఉండాలి, తలుపు నెత్తిన కాదు.

పురుగులకి వెలుతురంటే ఎందుకంత పిచ్చి అనేదాని మీద 2024లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. హైస్పీడ్ కెమెరాలతో చూస్తే, అవి లైటుని వెతుక్కుంటూ రావడం లేదని తేలింది. ఎగిరే పురుగు ఎప్పుడూ వెలుగు ఉన్న వైపుకి వీపు తిప్పుకుని ఎగురుతుంది, ఎందుకంటే దానికి తెలిసినంతవరకు వెలుగు ఉండేది ఆకాశంలోనే. దగ్గర్లో బల్బు ఉంటే దానికి పైకీ కిందకీ తేడా తెలియదు, అక్కడే చిక్కుకుని తిరుగుతూ ఉంటుంది. ఇది చదివాక రాత్రంతా ఊరికే వెలిగే లైటుని చూస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది. మన రైతులకి ఈ సంగతి కొత్త కాదు కూడా, వేరుశనగలో ఎర్ర గొంగళి పురుగుకీ వరిలో కాండం తొలిచే పురుగుకీ దీపపు ఎరలు పెట్టమని వ్యవసాయ శాఖవాళ్లు ఎప్పటి నుంచో చెబుతున్నారు. పొలంలో ఎర కోసం పెట్టే వస్తువునే ఇంటి గుమ్మానికి తగిలించుకుని పురుగులు వస్తున్నాయంటే ఏం లాభం.

ఇక్కడ రంగు చాలా ముఖ్యం. పురుగులకి నీలం, అతినీలలోహిత కాంతి బాగా కనిపిస్తుంది. పెట్టె మీద 6500 కె (కెల్విన్, వెలుతురు రంగుకి కొలత), కూల్ డేలైట్ అని రాసి ఉంటే అందులో నీలం పాలు ఎక్కువ. 2700 కె లేదా 3000 కె, వార్మ్ వైట్ అని ఉంటే పాతకాలం బల్బు లాంటి పసుపు వెలుతురు, నీలం తక్కువ. పురుగులు అసలు రావని కాదు, బాగా తగ్గుతాయి. టౌన్లో షాపుకి వెళ్తే బయటి లైట్లన్నీ తెల్లవే ఉంటాయి, పసుపువి అడిగితే "అవి ఎవరూ కొనరు సార్, వెలుతురు రాదు" అంటారు. వస్తుంది. 9 వాట్ల మంచి ఎల్‌ఈడీ బల్బు సుమారు 900 ల్యూమెన్లు (వెలుతురు ఎంతో చెప్పే కొలత) ఇస్తుంది, పసుపులో కాస్త తగ్గుతుంది, కాళ్ల కింద రాయి ఉందా తాడు ఉందా చూడటానికి అందులో సగం చాలు. వాట్లు చూసి కొనే అలవాటు మానుకోవాలి, ల్యూమెన్లు ఎంతో అడగాలి, ఆ అంకె పెట్టె మీద లేకపోతే అది కొనకపోవడమే మంచిది.

మాకు ఇంకో కారణం కూడా ఉంది, అది పక్క పొలం. అక్కడ అన్న చామంతి వేస్తాడు. మా వైపు రాత్రి ప్రయాణం చేసిన వాళ్లు చూసే ఉంటారు, చామంతి తోటల్లో వరసగా బల్బులు వెలుగుతుంటాయి. చామంతి రాత్రి పొడుగైతేనే మొగ్గ వేసే మొక్క, అందుకే నాటిన కొత్తలో రాత్రిపూట బల్బులు వేసి పూతని ఆపి మొక్కని పెరగనిస్తారు, తర్వాత లైట్లు తీసేస్తే పూతకి వస్తుంది. దసరాకీ కార్తీకానికీ పూలు అందేలా లెక్క వేసుకుని ఆయన బల్బులు ఆర్పేశాక, మా డాబా మీది ఫ్లడ్ లైటు గట్టు దాటి ఆయన మళ్లలో పడితే ఆ పక్క సాళ్లు పూతకి రావు. వీధి దీపం కింద వరి ఈనడం ఆలస్యం కావడం కూడా ఇలాంటిదే. మన ఇంటి వెలుతురు మన గట్టు దాటకూడదు, ఇది ఇరుగుపొరుగు మర్యాదలో భాగమని నేను అనుకుంటాను.

సరే, మేం ఏం చేశామంటే, ఇంటి నుంచి బాత్రూమ్ దాకా, ఇంటి నుంచి పాక దాకా, మోకాలి ఎత్తులో పొట్టి లైట్లు పెట్టించాం, పైన మూత ఉండి వెలుతురు కిందికి మాత్రమే పడేవి. ఒక్కోటి 5 వాట్లు, పసుపు రంగు. పాకలో మాత్రం పాలు పితికే చోట 9 వాట్ల బల్బు, స్విచ్ నాన్న చేతికి అందేలా, పని అయ్యాక ఆర్పేస్తాడు, గొడ్లకి కూడా చీకట్లో పడుకునే హక్కు ఉంది కదా. గుమ్మం లైటుని తలుపు మీద నుంచి తీసి రెండు గజాలు పక్కకి, చూరు కిందికి మార్చాం, పురుగులు చేరినా ఇంట్లోకి రావు. బాట లైట్లన్నీ కలిపితే 30 వాట్లు. రాత్రి 12 గంటలూ వెలిగినా నెలకి 11 యూనిట్ల లోపే. అదే 100 వాట్లవి రెండు వెలిగితే 72 యూనిట్లు.

గేటు దగ్గర సెన్సార్ లైటు పెట్టాం. మనిషి వంటి వేడి కదిలితే పట్టుకునే రకం, పీఐఆర్ అంటారు. దీని గురించి షాపులో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. మనం సెన్సార్‌కి ఎదురుగా నడిచొస్తే ఆలస్యంగా పట్టుకుంటుంది, అడ్డంగా దాటితే వెంటనే పట్టుకుంటుంది, కాబట్టి దాన్ని బాటకి ఎదురుగా కాకుండా పక్కగా బిగించాలి. నడి వేసవిలో రాత్రి గాలి కూడా వేడిగా ఉన్నప్పుడు మనిషి వేడికీ చుట్టూ ఉన్న వేడికీ తేడా తగ్గి దాని చూపు మందగిస్తుంది. కుక్కలకీ ఊగే కొమ్మలకీ వెలుగుతుంది, సెన్సిటివిటీ స్క్రూ కాస్త తగ్గించి, టైము ఒక నిమిషానికి పెట్టుకుంటే చికాకు ఉండదు. బాత్రూమ్ బాటకి మాత్రం సెన్సార్ వద్దు, వయసైన వాళ్లు మెల్లగా నడుస్తుంటే మధ్యలో ఆరిపోతే ఎంత టెన్షన్ పడతారో ఆలోచించండి.

మోటారు షెడ్డు కథ వేరు. మా వైపు వ్యవసాయ కరెంటు పగటి పూట 9 గంటలే ఇస్తారు, రాత్రి ఆ లైను మీద లైటు వెలగదు. ఇంటి నుంచి అంత దూరం కేబుల్ లాగడం కంటే సోలార్ మేలనిపించింది. సోలార్ లైట్ల ప్రకటనల్లో 200 వాట్లు, 300 వాట్లు అని రాస్తారు, వాటి ప్యానెల్ చూస్తే అరచేయంత ఉంటుంది. చిన్న లెక్క వేసుకోండి. 12 వాట్ల లైటు 10 గంటలు వెలగాలంటే 120 వాట్-అవర్లు కావాలి. మన ఎండకి ప్యానెల్ నిండుగా పనిచేసేది రోజుకి నాలుగున్నర, 5 గంటలు అనుకుంటే, మధ్యలో పోయేది పోను 35 వాట్ల ప్యానెల్ అయినా ఉండాలి. 10 వాట్ల ప్యానెలే సుమారు అడుగు పొడుగుంటుంది, అలాంటప్పుడు అరచేయంత పలక 200 వాట్ల లైటుని రాత్రంతా వెలిగిస్తుందా? బ్యాటరీ లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌దా కాదా అడగండి, ఎండ వేడికి అది తట్టుకున్నట్టు మామూలు లిథియం అయాన్ తట్టుకోదు. మనిషి కదిలినప్పుడే పూర్తిగా వెలిగి మిగతా సమయం మసకగా ఉండే రకం తీసుకుంటే మబ్బు రోజుల్లోనూ తెల్లవారేదాకా లాగుతుంది. ప్యానెల్ మీద మామిడి నీడ పడకూడదు, సంక్రాంతి దాటాక దుమ్ము కాలంలో అప్పుడప్పుడు తడిగుడ్డతో తుడవాలి.

లైటు దగ్గర డబ్బు మిగుల్చుకున్నా పర్వాలేదు గానీ వైరింగ్ దగ్గర వద్దు, ఈ మాట నేను కాళ్లు పట్టుకుని చెప్పమన్నా చెప్తాను. చెట్టు మీంచి చెట్టుకి సర్వీస్ వైరు లాగి బల్బు తగిలించడం మన ఊళ్లలో మామూలు, గాలివానకి తెగి తడి నేల మీద పడితే ముందు పోయేది గొడ్డు, తర్వాత దాన్ని లేపడానికి పోయిన మనిషి. ఆర్మర్డ్ కేబుల్‌ని, అంటే పైన ఇనుప తొడుగు ఉండే కేబుల్‌ని, రెండున్నర అడుగుల లోతులో ఇసుక పోసి, పైన ఇటుకలు పేర్చి పూడ్పించాం. ఇనుప స్తంభం ప్రతిదానికీ ఎర్త్ ఇవ్వాలి. బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి, కరెంటు ఎక్కడైనా లీకైతే అది వెంటనే లైను కొట్టేస్తుంది. నెలకోసారి దాని టెస్ట్ బటన్ నొక్కి చూడమని నాన్నకి నేర్పాను, మర్చిపోకుండా నొక్కుతున్నాడు.

లైటు పెట్టె మీద ఐపీ 65 అని ఉండాలి, ఆరు దుమ్ముకి, అయిదు నీళ్ల ధారకి. వోల్టేజ్ రేంజ్ 100 నుంచి 300 దాకా ఉన్నవి చూడండి, పల్లెల్లో కరెంటు ఎప్పుడు పడిపోతుందో ఎప్పుడు ఎగబాకుతుందో తెలియదు. ఉరుముల నెలల్లో చీటికిమాటికి కాలిపోయేది కరెంటుని ఎల్‌ఈడీకి సరిపడేలా మార్చే లోపలి డ్రైవరే, దాన్ని విడిగా మార్చుకునే వీలున్న లైటు కాస్త ఖరీదైనా అదే చౌక. వైరు లోపలికి పోయే రంధ్రం కిందివైపు ఉండాలి, చుట్టూ సిలికాన్ పెట్టకపోతే చీమలు కాపురం పెడతాయి.

లైట్లు ఎన్ని పెట్టినా అమ్మానాన్న చేతిలో టార్చి, కాళ్లకి చెప్పులు తప్పనిసరి, నేల మీద పడుకోవద్దని, మంచం మీద దోమతెర కట్టుకోమని కూడా చెప్పాం, కట్లపాము రాత్రి తిరిగేదే.

ఇప్పుడు మిగిలింది పాత బావి. అక్కడ కూడా ఒక ఫ్లడ్ లైటు వేయించమని పెద్దమామ అంటున్నాడు. ఆ బావికి గట్టు గోడ సగం కూలిపోయి ఉంది, లైటు ఎంత వేసినా కరెంటు పోయిన రాత్రి అది అలాగే ఉంటుంది. ముందు నడుము ఎత్తున గోడ కట్టించి, పైన ఇనుప జాలీ వేయిస్తాం, ఆ మాటే మామకి చెప్పాను, మేస్త్రీతో ఆయనే మాట్లాడతానన్నాడు.